పిల్లకాలవలు

జహ్రాలో మా క్లినిక్ గోడ మీద ఒక బొమ్మ ఉంది.
టై కట్టుకున్న మగమనిషి
పిడికిలి గుండెకి ఆనించి పక్కకి ఒరిగిపోతుంటాడు.
కింద అరబ్బీలో రాసి ఉంటుంది: గుర్తుపట్టండి.
పదకొండేళ్ళుగా ఇక్కడ ఈసీజీలు తీస్తున్నాను,
అతన్ని అందరూ గుర్తుపడతారు.

ఓబుళమ్మని ఎవరూ గుర్తుపట్టలేదు.

రంజాన్ ఇరవై మూడో రాత్రి వచ్చింది,
సహూర్ వంట సగంలో వదిలి.
డ్రైవరు గేటు దగ్గర దింపి వెళ్ళిపోయాడు.
చేతిలో సివిల్ ఐడీ,
మేడం ఇచ్చిన రెండు పెనడాల్ బిళ్ళలు,
గోళ్ళలో ఇంకా మైదాపిండి.

డాక్టరు ఇంగ్లీషులో అడిగాడు. ఆమె నావైపు చూసింది.
జీతంలో లేని పని ఒకటుంది నాకిక్కడ,
తెలుగు మోయడం.

"దవడ గుంజతాండాది మా.
రెక్కల మద్దెన ఎవురో మోకాలు పెట్టినట్టుండాది.
మూడు దినాలాయె,
మెట్లెక్కితే వాంతికొచ్చినట్టయితాది.
అంతే. ఇంగేం ల్యా."

గుండె అన్న మాట ఆమె అనలేదు.
అనలేదు కాబట్టి డాక్టరు వినలేదు.
"గ్యాస్," అన్నాడు. "అలసట, బెంగ.
నలభై ఆరు కదా, ఆ వయసు."
పెన్ను అప్పటికే మందు పేరు దగ్గరికి వెళ్ళిపోయింది.

పక్క మంచం మీద సిమెంటు లారీ తోలే అతను
ఛాతీ పట్టుకుని అరుస్తున్నాడు.
నలుగురు పరిగెత్తారు. పరిగెత్తాల్సిందే.
అతన్ని నేనేమీ అనను.
అతని నొప్పికి బొమ్మ ఉంది, అంతే.

మస్తానమ్మ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.
మూడేళ్ళ కింద ఇదే మంచం.
"కడుపులో మంట, చేతులు తేలిపోతాండాయి,
పానం యాడికో పోతాంది," అంది.
నేను డాక్టరుకి "అసిడిటీ" అని చెప్పాను.
అన్ని మాటలకీ ఒకే మాట.
నా షిఫ్టు దిగే వేళ అది.
తొమ్మిదో రోజు ఆమె చెన్నై విమానంలో, పెట్టెలో వెళ్ళింది.
కాగితం మీద సహజ మరణం అని రాశారు.
అందులో సహజమైంది నా తొందర ఒక్కటే.

తెర లాగాను.
పుస్తెలతాడుకి మూడు పిన్నీసులు, ఒక తాళంచెవి.
"ఇంటికాడి ట్రంకుపెట్టెది," అంది, నేను అడక్కుండానే.
మామూలుగా రొమ్ము పైనే అంటించేస్తాం,
వాళ్ళ సిగ్గు కొంత, మా సిగ్గు కొంత.
అలా తీసిన గీత మర్యాదగానే ఉంటుంది, అబద్ధమాడుతుంది.
ఎత్తి, పక్కటెముకల సందులు వేలితో లెక్కపెట్టి
కింద అంటించాను.

గీతలో పెద్ద గొడవేమీ లేదు.
మూడు చోట్ల కాస్త కుంగింది,
తడి గట్టు మీద ఎవరో కాలు మోపి పోయినట్టు.

"రక్తం తీయించండి సార్."
"నువ్వు టెక్నీషియన్‌వి."
"అవును. ఇది నా మాట కాదు, ఆమెది."
ఈసారి దవడని దవడ అన్నాను,
మోకాలిని మోకాలు అన్నాను,
మూడు దినాలని మూడు దినాలే అన్నాను.

నాలుగింటికి రిపోర్టు వచ్చింది.
ట్రోపోనిన్ పక్కన ఎర్ర నక్షత్రం.

పెద్దాసుపత్రిలో తీగ పంపి చూసి
పెద్ద నాళాలు శుభ్రం, ఏం లేదు, ఇంటికి పొమ్మన్నారట.
ఫోను చేసి నవ్వింది:
"పెద్దకాలవలో నీళ్ళుంటే సరిపాయెనా మా?
మడి తడవాలంటే పిల్లకాలవ పారాల గదా."
ఆ మాట ఉన్నదున్నట్టు మోసుకెళ్ళి
అక్కడి సూడాన్ డాక్టరమ్మకి చెప్పాను.
ఆవిడా నవ్వింది. నవ్వు మధ్యలో ఆపేసి
ఫైలు మళ్ళీ తెరిచింది.

ఈద్ అయ్యాక మా క్లినిక్‌కి చూపించుకోడానికి వచ్చింది.
మందులు వేసుకుంటోంది. మెట్లు మాత్రం తప్పలేదు,
లిఫ్టు వాళ్ళదట.
బల్ల మీద కూర్చుని చాలాసేపు
గోడమీది బొమ్మనే చూసింది.

"ఈయన బతికినాడా మా?"